అశ్వవైద్యము: నిదానపు వెల ఎవరు మోయవలెను?

మనుష్యుడు రోగగ్రస్తుడైనచో తన బాధ ఎచ్చట పుట్టినదో, ఎప్పుడు పుట్టినదో, ఏ తీరున నున్నదో వైద్యునకు తన నోటితో చెప్పుకొనగలడు. పసిబిడ్డ కా శక్తి లేకున్నను పక్కన తల్లి గలదు. గుఱ్ఱమునకు నోరును లేదు, తన మాటగా చెప్పు తల్లియు లేదు. దాని బాధను కనిపెట్టవలసినవాడు దానిని నమ్ముకొని బ్రతుకు యజమాని. ఆ బాధకు పేరు పెట్టవలసినవాడు వైద్యుడు. ఆ పేరు పెట్టించుటకు వెల ఇచ్చుకొనవలసినవాడు మరల ఆ యజమానియే. ఈ మూడవ మెట్టునొద్దనే మన దేశమున ఎన్నియో జంతువుల ప్రాణములు జారిపోవుచున్నవి. వైద్యము లేక కొన్ని, వైద్యము ఉండియు దాని వెల అందక కొన్ని, రోగమేదో తెలియక తప్పు మందు పడి కొన్ని నశించుచున్నవి. ఈ నష్టము బీదవాని పెరటిలో జరుగునది గావున పట్టణవాసుల కంట పడదు.

ఒక్కొక్కప్పుడు మాత్రము అందరి కంటను పడును. 2025 సంవత్సరపు వసంతమున ఉత్తరాఖండమునందలి రుద్రప్రయాగ జిల్లాలో గుఱ్ఱపు ఇన్‌ఫ్లుయెంజా కనబడినది. మే నెల మొదటి దినములలో కేదారనాథ మార్గమున రెండు దినములలో 14 జంతువులు చచ్చినవి. యాత్రికులను, వారి సామగ్రిని కొండపైకి మోయు జంతువుల రాకపోకలను ప్రభుత్వమువారు తాత్కాలికముగా నిలిపివేసిరి. మరణ కారణమును నిర్ణయించుటకు కేంద్ర నిపుణులు రావలసివచ్చినది. ఆ మార్గమున నడచిన యాత్రికులలో మన తెలుగువారును గలరు. ఒక గుఱ్ఱము దగ్గిన తొలినాడే దాని రోగమేదో తెలిసికొనుటకు ఆ యజమానికి ఎంత ఖర్చగును, ఆ ఖర్చు పెట్టుటకు వానికి శక్తి గలదా అను ప్రశ్నను ఎవ్వరును అడిగినట్లు తోచదు. నేడు మే మా ప్రశ్ననే అడుగుచున్నాము.

ముందుగా రోగనిర్ణయ మనగా నేమో చూతము. మన ప్రాచీన వైద్యశాస్త్రమున దీనికి నిదానమని పేరు. నిదానమే ప్రధానమని మనవారు లోకవ్యవహారమున చెప్పుకొను సామెత వైద్యమునకును అక్షరాల చెల్లును. గుఱ్ఱమునకు సాధారణముగా వచ్చు ప్రమాదములలో శూల మొకటి. గుఱ్ఱపు జీర్ణకోశము చిన్నది, ప్రేవులు మిక్కిలి పొడవైనవి. చిన్నప్రేవే ఇంచుమించుగ 20 మీటర్లుండును. పెద్దప్రేవు మడతలుగా పడియుండును. ఈ జంతువునకు వాంతి చేసికొను శక్తి లేదు. కడుపులో వాయువు నిండినను, మేత గడ్డకట్టినను, ప్రేవు మెలిపడినను పైకి కనబడు చిహ్నములు ఇంచుమించుగ నొక్కటే: నేలను కాలితో గీరును, తన డొక్కవైపు తిరిగి తిరిగి చూచును, చెమర్చును, పొర్లును. వాయుశూల యైనచో ఒక సూదిమందుతోను, కొంత నడకతోను తగ్గిపోవచ్చును. ప్రేవు మెలిపడినచో కొలది గంటలలో ప్రాణము పోవును. శస్త్రచికిత్స దక్క వేరు దారి లేదు. కావున ఈ రెండింటిలో నేది యను నిర్ణయమే ఇచ్చట సర్వస్వము.

ఆ నిర్ణయమునకు మెట్లు గలవు. నాడి, శ్వాస, చిగుళ్ళ రంగు, కడుపు చప్పుడు చూచుట మొదటి మెట్టు. ముక్కునుండి జీర్ణకోశమునకు గొట్టము దింపి చూచుట రెండవది. చేయి పెట్టి ప్రేవుల స్థితిని తడవి తెలిసికొనుట మూడవది. కడుపులోని ద్రవమును సూదితో తీసి పరీక్షించుట, రక్తమును పరీక్షించుట, అల్ట్రాసౌండు యంత్రముతో చూచుట ఆపై మెట్లు. మొదటి మూడింటికిని కావలసినది నేర్పరియైన వైద్యుడు. తరువాతివానికి యంత్రములును, పరీక్షాశాలయు కావలెను. మెట్టెక్కిన కొలది వెల పెరుగును. అమెరికా దేశమున శూలకు శస్త్రచికిత్స చేయించినచో సామాన్యముగా 5 వేల నుండి 10 వేల డాలర్లు, ఒక్కొక్కచో నంతకు మించియు వ్యయమగును. అక్కడి మధ్యతరగతి గృహస్థులే ముందుగా మనసున లెక్క వేసికొని, ఇంత సొమ్మువరకు చేయింతుము, అటుపై బాధలేని మరణ మిప్పింతుమని నిశ్చయించుకొందురు. మన దేశమున అట్టి శస్త్రచికిత్స చేయగల చోట్లు బహు కొలది: కొన్ని పశువైద్య విశ్వవిద్యాలయములు, సైన్యపు వైద్యశాలలు, పందెపు గుఱ్ఱముల వైద్యశాలలు. పాడేరు మన్యమున బియ్యపు బస్తాలను కొండ మీదికి మోయు పొట్టి గుఱ్ఱమునకు ప్రేవు మెలిపడినచో దానిని అచ్చటికి చేర్చునంతలోనే అది చచ్చును. అచ్చట వెలను గూర్చిన ప్రశ్న పుట్టకముందే ప్రాణము పోవుచున్నది.

నిదానపు విలువ మరింత స్పష్టముగా కనబడు నుదాహరణము గ్లాండర్స్ వ్యాధి. ఇది సూక్ష్మజీవిచే కలుగు అంటువ్యాధి. గుఱ్ఱమునుండి మనుష్యునకును సోకి ప్రాణము తీయగలదు. ముక్కునుండి చిక్కని చీమిడి కారుట, దవడ క్రింద గ్రంథులు వాచుట, ఊపిరితిత్తులందును చర్మమునందును గడ్డలు, వ్రణములు లేచుట దీని లక్షణములు. స్ట్రాంగిల్స్ అని మరియొక వ్యాధి గలదు. అందును జ్వరము, ముక్కునుండి చీము, దవడ క్రింద వాపు ఉండును. అది ఎక్కువగా పిల్ల గుఱ్ఱములకు వచ్చును. విశ్రాంతియు, శుభ్రతయు, తగిన ఔషధమును ఇచ్చినచో పెక్కు గుఱ్ఱములు కోలుకొనును. మొదటి వ్యాధి నిశ్చితమైన గుఱ్ఱమునకు చికిత్స లేదు. చట్టము ప్రకారము దానిని బాధ లేకుండ చంపి, లోతుగా పాతిపెట్టవలెను. ఒకటి బ్రతికింపదగిన రోగము, మరియొకటి చంపవలసిన రోగము. కంటితో చూచి ఈ రెండింటికిని భేదము చెప్పుట అనుభవశాలికి సైతము కష్టము, రక్తపరీక్ష చేయవలెను. ఆ పరీక్షకు అయ్యెడి వ్యయమును కూలిబండివాని నెత్తిన పెట్టినచో వాడేమి చేయును? రోగమును దాచును. దాచినచో వీధి యంతయు అపాయమున పడును. కావున నిదానపు వెల యొక్క యజమాని స్వంత లెక్కగా నిలువక, ఊరి యారోగ్యపు లెక్కలో చేరుచున్నది.

ఈ ధర్మమును మన పూర్వు లెరుగనివారు కారు. మైసూరున శామశాస్త్రిగారు 1909లో ప్రకటించిన కౌటిల్యుని అర్థశాస్త్రమున అశ్వాధ్యక్షుని గూర్చి ప్రత్యేకాధ్యాయ మొకటి గలదు. గుఱ్ఱముల సంఖ్య, వంశము, వయస్సు, రంగు, గుర్తులు, అవి వచ్చిన చోటు అన్నియు వ్రాసియుంచవలెననియు, రోగముతో నున్నవానిని, అంగవైకల్యము గలవానిని ప్రభువునకు నివేదింపవలెననియు అందు విధింపబడినది. గుఱ్ఱము బక్కచిక్కినను, మితిమించి బలిసినను దానికి ప్రతిక్రియ చేయుటయు, ఋతువునుబట్టి మేత నిర్ణయించుటయు వైద్యుల పని. వైద్యము నడుమ ఆగుటచేతనో, మందు అందకపోవుటచేతనో రోగము ముదిరినచో చికిత్సకైన వ్యయమునకు రెండింతలు దండము. తప్పు చికిత్సచే జంతువు చెడినచో దాని వెలయే దండము. యుద్ధముచేతను, రోగముచేతను, ముదిమిచేతను పనికి చాలని గుఱ్ఱములకు గూడ మేత యేర్పాటు చేయబడినది. చికిత్సావ్యయమునకును, జంతువు వెలకును గల సంబంధము నింత తెలివిగా, ఇంత కఠినముగా చెప్పిన శాసనగ్రంథము మనకుండగా, ఈ విషయమును పరదేశపు వింతగా చూడ నవసరము లేదు. శాలిహోత్రుని పేర, నకులుని పేర వ్యాపించిన అశ్వశాస్త్రములు సంస్కృతమున గలవు. తెనుగున మనుమంచిభట్టు హయలక్షణ విలాసమును రచించెను. మన భాషలో గుఱ్ఱపు శాస్త్ర ముండెడిదని నేటి విద్యార్థుల కెందరికి తెలియును?

శాస్త్రము గ్రంథమున నుండుట వేరు, శాలలో నుండుట వేరు. ఈ భేదమునకు చరిత్రయే సాక్షి. పదమూడవ శతాబ్దాంతమున వచ్చిన మార్కోపోలో, పాండ్యరాజుల తీరమునకు ఏటేట వేలకొలది గుఱ్ఱములు దిగుమతి యగుచుండెననియు, సంవత్సరాంతమునకు వానిలో నూరైనను మిగులకుండెననియు వ్రాసినాడు. కారణముగా రెండు సంగతులు చెప్పినాడు: అచ్చటివారికి గుఱ్ఱమును సాకుట తెలియదు, గుఱ్ఱపు వైద్యులు లేరు. అంతటితో నాగక, గుఱ్ఱపు వర్తకులు తామై వైద్యులను తీసికొని రాకపోవుటయే గాక, ఇతరులను గూడ రానీయకుండిరనియు, గుఱ్ఱములు చచ్చినకొలది తమ బేరము సాగుటయే దానికి హేతువనియు చెప్పినాడు. ఆ లెక్కలో యాత్రికుని అతిశయోక్తి కొంత యుండవచ్చును. కాని అందలి నీతి మాత్రము నేటికిని చెల్లుచున్నది. వైద్యుడు లేనిచోట వర్తకుడు లాభపడును, కొనువాడు చెడును.

విజయనగర రాజ్యమునకు వచ్చినచో, 1530 ప్రాంతముల నున్న పోర్చుగీసు వర్తకుడు నూనిజు మరియొక వింత చెప్పుచున్నాడు. సాళువ నరసింహరాయలు ఓర్మజునుండియు ఏడెనునుండియు గుఱ్ఱములను తెప్పించుచు, వేయి పర్దావులకు మూడు గుఱ్ఱముల చొప్పున బ్రతికినవానినే గాక చచ్చినవానిని గూడ కొనుచుండెనట. సముద్రమున చచ్చిన గుఱ్ఱపు తోక తెచ్చి చూపినను సొమ్ము ముట్టుచుండెనట. రాజ్యరక్షణకు గుఱ్ఱము లవసరమైన కాలమున ఆ నష్టమును వర్తకునిపై నుంచక రాజు తానే భరించెను. బొక్కసము మాత్రము చచ్చిన గుఱ్ఱమునకు తెరువబడినది. నేటి మన పశుభీమా పద్ధతియు ఇంచుమించుగ నట్లే యున్నదని ముందు చూపెదము.

ఆంగ్లేయుల కాలమున పశువైద్యము ఈ దేశమున పాశ్చాత్య పద్ధతిని నాటుకొన్నది. అది మొదట ఎవరికొరకు నాటబడినది? 1779లో వంగదేశమున గుఱ్ఱపుసాలల శాఖ వెలసినది సైన్యము కొరకు. 1808లో కుంపిణీవారి పూసా గుఱ్ఱపుసాలకు అధికారిగ వచ్చిన విలియం మూర్‌క్రాఫ్టు మంచి గుఱ్ఱములను వెదకుచు టిబెట్టు దాటి, బుఖారా చేరి, 1825లో తిరుగు ప్రయాణమున మరణించెను. ఆ తపన యంతయు కుంపిణీ ఆశ్వికదళము కొరకే. రైతు ఎద్దును గూర్చి ప్రభుత్వము కన్ను తెరచినది పశువుల మారిని విచారించిన సంఘపు నివేదిక వెలువడిన 1871 తరువాతనే యని చెప్పవలెను. లాహోరున 1882లోను, బొంబాయిలో 1886లోను, మదరాసున 1903లోను పశువైద్య విద్యాలయము లేర్పడినవి. ఐనను సత్యమును దాచరాదు. ఆ కాలముననే ఒక మహోపకారము జరిగినది. 1880లో డేరా ఇస్మాయిల్‌ఖానున గ్రిఫిత్ ఎవాన్సు అను పశువైద్యుడు సర్రా వ్యాధితో చచ్చుచున్న గుఱ్ఱముల, ఒంటెల రక్తమును సూక్ష్మదర్శినితో చూచి, అందు మెదలుచున్న పరాన్నజీవియే ఆ వ్యాధికి కారణమని చెప్పెను. నాటి శాస్త్రజ్ఞులు తొలుత దాని నంగీకరింపలేదు. తరువాత లోకమంతయు నంగీకరించినది. నేటికిని సర్రాను పట్టుకొనుటకు మొదటి సాధనము ఒక రక్తపు బొట్టు, ఒక గాజు పలక, ఒక సూక్ష్మదర్శిని. తొలినాడు చేసిన పరీక్ష కొలది వెలతో ముగియును. నెల గడచిన పిదప చేయు చికిత్స ఇల్లు గుల్ల చేయును. ఆలసించిన నిదానమే అన్నింటికంటె ఖరీదైనదని దీనివలన తెలియవలెను.

1947లో స్వరాజ్యము వచ్చినది. రాజ్యాంగమున పశురక్షణము, పశువ్యాధి నివారణము, పశువైద్యవిద్య రాష్ట్రముల పట్టికలో చేర్చబడినవి. హిస్సారున 1985లో జాతీయ అశ్వపరిశోధన కేంద్రము స్థాపింపబడినది. 1899 నాటి గ్లాండర్స్ చట్టమునకు బదులు 2009లో పశువుల అంటువ్యాధుల చట్టము వచ్చినది. 1962 అను సంఖ్యకు ఫోను చేసినచో ఇంటి ముంగిటికి వచ్చు పశువైద్య వాహనములు తెలంగాణమున 2017లోను, ఆంధ్రప్రదేశమున 2022లోను ప్రారంభింపబడినవి. ఇవన్నియు మెచ్చదగినవి. కాని ఆ వాహనమున వచ్చు యువవైద్యుడు చదువుకొన్న దినములలో ఎన్ని గుఱ్ఱములను తాకి చూచియుండును?

ఇచ్చటనే సమస్య ముడి పడియున్నది. 2012 నాటి పశుగణనమున దేశమందు గుఱ్ఱములును పొట్టి గుఱ్ఱములును కలిసి 6 లక్షలకు పైబడి యుండెను. 2019 గణనమున అవి 3 లక్షల 40 వేలకు దిగినవి. అదే కాలమున గాడిదలు 3 లక్షల 20 వేలనుండి లక్షా 20 వేలకును, కంచరగాడిదలు దాదాపు 2 లక్షలనుండి 84 వేలకును తగ్గినవి. జట్కాబండి పోయి ఆటోబండి వచ్చినది. ఇటుకబట్టీలకు యంత్రములు వచ్చినవి. కాలగతిని మేము నిందింపము. కాని సంఖ్య తగ్గినకొలది విద్యార్థికి అభ్యాసము తగ్గును, వైద్యునకు నేర్పు తగ్గును, వర్తకుడు మందును నిలువ యుంచడు, లాడములు కొట్టువాని కుమారుడు వేరు వృత్తికి పోవును. గుఱ్ఱపు బరువు మనిషి బరువునకు ఆరేడు రెట్లుండును గనుక మందు మోతాదు వలననే వెల పెరుగును; అరుదైన వస్తువగుటచే మరియు పెరుగును. ఈ విధమున గుఱ్ఱములు తగ్గుటవలన వైద్యపు వెల హెచ్చుచున్నది. వైద్యపు వెల హెచ్చుటవలన మిగిలిన గుఱ్ఱములు తగ్గుచున్నవి.

ఒక ఆక్షేపణము రాగలదు. గుఱ్ఱము ధనికుల విలాసవస్తువు గదా, దానికి ప్రజల పన్నుసొమ్ము పెట్టుట ఎందులకు, ఆవులకు, గేదెలకు, మేకలకే వైద్యులు చాలకుండగా ఈ ప్రస్తావన యేల అని ఆలోచనపరులగు పాఠకులు కొంద రడుగుదురు. ఆక్షేపణము న్యాయమైనదే గావున సమాధానము చెప్పుట మా విధి. మన దేశమున గుఱ్ఱములు మూడు తెగలు. మొదటి తెగ పందెములకును, విలాసమునకును పెంచబడునవి. వీని వైద్యమునకు ప్రభుత్వము ఒక్క పైసయైన పెట్ట నవసరము లేదు. యజమానులు పూర్తి వెల ఇచ్చుకొందురుగాక. రెండవ తెగ పనిచేయునవి: కొండదారుల బరువులు మోయునవి, ఇటుకబట్టీలలో పాటుపడునవి, పెండ్లి ఊరేగింపులకు, సముద్రతీరపు సవారీలకు అద్దెకు తిరుగునవి. వీని యజమానులు ధనికులు గారు. దినము గడచుటే వారికి కష్టము. ఆ యింటిలో గుఱ్ఱము చచ్చినచో, రైతు కాడియెద్దు చచ్చినట్లే.

మూడవ తెగను గూర్చి తెలిసినవారు తక్కువ. పాముకాటునకు ఇచ్చు విషహరమైన మందు ఎచ్చటనుండి వచ్చుచున్నది? నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి యను నాలుగు పాముల విషమును స్వల్పమాత్రలతో గుఱ్ఱములకు ఎక్కించి, వాని రక్తమున పుట్టిన ప్రతివిష పదార్థమును వేరుచేసి ఆ మందును తయారు చేయుదురు. హైదరాబాదు పరిసరములందును ఇది తయారగుచున్నది. 2020లో ప్రకటింపబడిన ఒక పరిశోధనము ప్రకారము 2000 మొదలు 2019 వరకు మన దేశమున పాముకాటుచే సుమారు 12 లక్షలమంది మరణించిరి. మరణములు హెచ్చుగా నున్న రాష్ట్రములలో ఆంధ్రప్రదేశమును, తెలంగాణమును గలవు. చేలగట్టున నడుచు రైతు ప్రాణము ఎప్పుడును చూడని యొక గుఱ్ఱపు ఆరోగ్యముతో ముడిపడియున్నది. గుఱ్ఱము లేని భూస్వామియు ఈ లెక్కలో దానికి ఋణపడియే యున్నాడు. తన పొలమున పనిచేయు కూలివానికి వైద్యశాలలో ఆ మందు అందవలె నన్నచో, దేశమున అశ్వవైద్యము తెలిసినవారు జీవించియుండవలెను.

కావున వెల ఎవరు మోయవలెనను ప్రశ్నకు మా సమాధానము ఇది. అంటువ్యాధుల నిదానమును ప్రభుత్వము పూర్తిగా తన వెలతో చేయవలెను. నమూనా తీయుటకును, దానిని చల్లగా కాపాడి పరీక్షాశాలకు చేర్చుటకును, ఫలితమును తెలియజేయుటకును యజమానినుండి ఏమియు తీసికొనరాదు. నిర్ణయమైనచో జంతువును చంపుట తప్పనిసరి యగునప్పుడు దాని వెలకు తగిన పరిహారమును ఆలస్యము లేకుండ ఇయ్యవలెను. పరిహారము తక్కువైనను, ఏడాది పిదప చేతికి వచ్చినను యజమాని రోగమును దాచి, రాత్రికి రాత్రి గుఱ్ఱమును సంతకు తోలును. అప్పుడు ఒక గుఱ్ఱము వెల మిగుల్చుకొని ఒక జిల్లాకు వ్యాధిని కొని తెచ్చుకొన్నవార మగుదుము. 1987లోను, 2008–09లోను గుఱ్ఱపు ఇన్‌ఫ్లుయెంజా రాష్ట్రములు దాటి వ్యాపించుట మన మెరిగినదే. అంటువ్యాధికి సరిహద్దు లేదు. దానిని పట్టుకొను ఖర్చునకు సరిహద్దు గీయుట తెలివితక్కువ.

అంటువ్యాధులు కాని శూల, కుంటు, గాయములు మొదలగువాని చికిత్సకు వెల పంచుకొనవలెను. తిరుపతి, హైదరాబాదు పశువైద్య విశ్వవిద్యాలయములందు గుఱ్ఱములకు పూర్తి సాధనములు గల ప్రత్యేక విభాగములను నిలుపవలెను. అచ్చట ధనికుడు పూర్తి వెల ఇచ్చి చూపించుకొనవలెను. పనిగుఱ్ఱపు యజమానికి రుసుము స్వల్పముగా నుండవలెను. పందెపు సంఘముల వైద్యశాలలలో మంచి నిపుణులు గలరు. వారానికొక దినము ఆ తలుపులను పనిగుఱ్ఱములకును, విద్యార్థులకును తెరచినచో ఆ సంఘముల సంపదకు వచ్చు లోటు లేదు. దేశమున విద్య నిలుచును.

మూడవది పశుభీమా. జాతీయ పశుసంవర్ధన పథకమున గుఱ్ఱములకును భీమా సదుపాయము గలదు. కాని ఈ భీమా ముఖ్యముగా జంతువు చచ్చినప్పుడే ధనమిచ్చును. బ్రతికించుటకు చేసిన ఖర్చు నీయదు. తోక తెచ్చి చూపినచో సొమ్ము ముట్టు పాతపద్ధతికిని దీనికిని భేదమేమి? చికిత్స చేయించినవానికి చేతిసొమ్ము పోవును. చేయింపక చావనిచ్చినవానికి భీమాసొమ్ము వచ్చును. ఇట్టి యేర్పాటు సజ్జనుని గూడ తప్పుదారి పట్టించును. నిదానమునకును, అత్యవసర చికిత్సకును కొంత భాగ మిచ్చునట్లు భీమాను సవరింపవలెను. చావునకు ఇచ్చు సొమ్మును అంతమేర తగ్గించినను మాకు అభ్యంతరము లేదు.

ప్రభుత్వమును మాత్రమే నిర్దేశించి ఊరకుండుట పత్రికాధర్మము గాదు. యజమానుల బాధ్యతయు గలదు. శూలలో చాలవరకు మేత ఒక్కసారిగా మార్చుటవలనను, నీరు చాలకపోవుటవలనను, పురుగులవలనను, పళ్ళు చెడుటవలనను వచ్చును. గుఱ్ఱపు పళ్ళు జీవితకాలమంతయు పైకి వచ్చుచుండును. అంచులు వాడియై బుగ్గను కోయును. నమలలేని మేత కడుపున గడ్డకట్టును. ఏడాది కొకసారి ఆ అంచులను ఆకురాయితో సరిచేయించుట స్వల్పవ్యయము. గుడ్డి గుఱ్ఱపు పండ్లు తోముట వ్యర్థమని మనవారు పరిహసింతురు గాని, కన్నున్న గుఱ్ఱమునకు పండ్లు చూపించుకొనని యజమానియే నిజమున గుడ్డివాడు. ధనుర్వాతపు టీకా, పురుగులమందు, వేళకు లాడములు, త్రాగుటకు మంచినీరు: ఈ నాలుగింటికి పెట్టు పది రూపాయలు తరువాతి నూరు రూపాయలను కాచును.

చట్టము గూడ ఇట్లే చెప్పుచున్నది. 1965 నాటి నియమముల ప్రకారము పొట్టి గుఱ్ఱముపై 70 కిలోలకును, కంచరగాడిదపై 200 కిలోలకును, గాడిదపై 50 కిలోలకును మించి బరువు వేయరాదు. దినమునకు 9 గంటలకు మించి పని చేయింపరాదు. ఎండ 37 డిగ్రీలు దాటినచో మధ్యాహ్నము 12 గంటలనుండి 3 గంటలవరకు పని నిలుపవలెను. ఈ నియమములు కాగితమున నున్నవి, దారులయందు లేవు. రోగమున్న జంతువుచే పని చేయించుట 1960 నాటి చట్టముచే నేరము. కాని ఒక్కదినము పని మానినచో పస్తుండు యజమానిని దండించుటతో గుఱ్ఱము కోలుకొనదు. దండించు చేతితోనే మందు నందింపవలెను.

చివరి మాట అద్దెకు తీసికొనువారితో. మన గ్రామములలోను, పట్టణములలోను పెండ్లికుమారుని గుఱ్ఱముపై ఊరేగించు వేడుక పెరుగుచున్నది. బాణసంచాకును, దీపములకును, వాయిద్యములకును వేలకు వేలు పోయుచు, గుఱ్ఱపువాని యొద్దకు వచ్చునప్పటికి నూరు రూపాయలకు బేరమాడుదుము. ఆ నూరు రూపాయలే దాని మందు సొమ్ము. అద్దె కుదుర్చుకొనునప్పుడు గుఱ్ఱమును ఒక్కసారి చూడుడు: ముక్కున చీమిడి గలదా, వీపున పుండు గలదా, కాలు కుంటుచున్నదా, డొక్కలు లోపలికి పోయినవా? ఉన్నచో ఆ గుఱ్ఱమును త్రిప్పి పంపుడు. కాని ఆనాటి కూలి నిచ్చి పంపుడు. కూలి లేక తిరిగిపోయిన యజమాని మరునాడు అదే గుఱ్ఱమును మరియొక వాకిట నిలుపును. తీర్థయాత్రకు పోవువారును, సముద్రతీరమున పిల్లలను సవారి చేయించువారును ఇట్లే చేయవలెను.

గుఱ్ఱము గుడ్డిదైనను దాణా తప్పదని మన సామెత. దాణా పెట్టు బాధ్యత యజమానిది. దానిని మే మెవ్వరిపైకిని నెట్టము. కాని రోగమేదో తెలిసికొనుటకు అయ్యెడి వెల వేరు. అది చెరువుగట్టు మరమ్మతు వంటిది. గండి ఒకని పొలము ప్రక్కన పడవచ్చును, మునుగునది ఊరంతయు. గట్టు మరమ్మతునకు ఆ యొక్కరైతునే పిలిచి వెల యడుగు గ్రామము నిలువదు. రెండు రాష్ట్రముల శాసనసభ్యులును రాబోవు ఆదాయవ్యయ పట్టికలు చర్చకు వచ్చునప్పుడు అశ్వవ్యాధుల నిదానమునకు ఎంత కేటాయించితిరని మంత్రులను అడుగవలెను. వారు అడుగునట్లు చేయుట ఓటుహక్కు గల మన పాఠకుల పని.